'ఈ నీళ్లు తాగవచ్చు' అని ఎవరంటారు, దేన్ని చూసి అంటారు?

వరద తీసిన రెండో రోజో మూడో రోజో ఊళ్లోకి బ్లీచింగ్ పౌడర్ బస్తాలు వస్తాయి. బావుల్లో, ట్యాంకుల్లో కలుపుతారు. నీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎవరో ఒక అధికారి "నీళ్లు తాగడానికి పనికొస్తాయి" అని ప్రకటన ఇస్తారు. మిత్రులారా, ఈ చదువు ఫలిస్తే రేపు ఆ ప్రకటన కింద సంతకం మీదే కావచ్చు. అందుకే తాగునీటి మీద ఎస్సే రాసేటప్పుడు పథకాల పేర్లు, కనెక్షన్ల అంకెలు కాసేపు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న పట్టుకోమంటాను. 'సురక్షితం' అన్నారు సరే, దేని నుంచి సురక్షితం? మన ఉపఖండం రెండు వందల ఏళ్ల చరిత్రలో ఈ ప్రశ్న అడగనందుకు, అడిగినవాళ్ల మాట వినిపించుకోనందుకు చాలా ప్రాణాలు పోయాయి.

కథ కలరాతో మొదలవుతుంది. 1817 ఆగస్టులో బెంగాల్‌లోని జెస్సోర్‌లో కలరా ప్రబలింది. అక్కడి సర్జన్ రాబర్ట్ టైట్లర్ పాడైన కొత్త బియ్యం తినడం వల్ల వచ్చిందనుకున్నాడు. అప్పటికి అంతకన్నా తెలిసే వీలు లేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం. అక్కడి నుంచి అది దేశమంతా పాకి, సముద్రాలు దాటి, యూరప్‌ను కూడా వణికించింది. 1854లో లండన్‌లో జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ చావులను లెక్కగట్టి, రోగం నీళ్ల ద్వారా వస్తోందని చూపించాడు. ఈ కథ మనందరికీ తెలుసు. మన పుస్తకాలు అంతగా చెప్పనిది ఆ తర్వాతి ముప్పై ఏళ్లు భారత ప్రభుత్వం ఏం చేసిందన్నది.

నీరు అనే మాట పలకని ప్రభుత్వం

1865లో మక్కా యాత్రికుల్లో కలరా వేలమందిని బలితీసుకుంది. మరుసటి ఏడాది కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ శానిటరీ సమావేశం కలరా పుట్టిల్లు భారతదేశమనీ, అది మనుషుల రాకపోకలతో వ్యాపిస్తుందనీ తేల్చింది. 1867లో హరిద్వార్ కుంభమేళాకు లక్షలాది జనం వచ్చారు. వాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లిన దారుల వెంబడే ఉత్తర భారతంలో కలరా పాకింది. ఆ ఏడాది లెక్కలు చూసినవాళ్లకు అంటురోగం అన్న సంగతి కళ్లకు కట్టినట్టు కనిపించి ఉండాలి. కనిపించింది కూడా. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనర్ జె.ఎం. కన్నింగ్‌హామ్ మొదట్లో ఆ వైపే మొగ్గాడు.

తర్వాత మాట మారింది. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరుచుకుంది. బొంబాయికీ యూరప్‌కూ మధ్య దూరం తగ్గింది, ఓడలు పెరిగాయి. కలరా మనిషి నుంచి, నీటి నుంచి వ్యాపిస్తుందని భారత ప్రభుత్వమే ఒప్పుకుంటే మధ్యధరా రేవులన్నీ బ్రిటిష్ ఓడలను క్వారంటైన్‌లో నిలబెడతాయి. ఒక్కో ఓడ రోజుల తరబడి ఆగితే వర్తకానికి ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. మరోపక్క, నీళ్లే కారణమని ఒప్పుకుంటే దేశమంతా రక్షిత మంచినీటి సరఫరా కల్పించే బాధ్యత నెత్తిన పడుతుంది. కాబట్టి గాలి, నేల, వాతావరణం, స్థానిక పరిస్థితులు అంటూ అధికార సిద్ధాంతం ఒకటి స్థిరపడింది. కన్నింగ్‌హామ్ 1884లో కలరాను ఆపడానికి ప్రభుత్వం ఏం చేయగలదు అన్న ప్రశ్ననే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాశాడు. అంటు సిద్ధాంతాన్ని, క్వారంటైన్‌ను ఆయన అందులోనూ తోసిపుచ్చాడు.

ఇక్కడ పంజాబ్ శానిటరీ కమిషనర్ డిరెంజీ సంగతి తప్పక గుర్తుంచుకోండి. స్నో వాదాన్ని నమ్మి, కలుషిత నీరే రోగానికి మూలమని నివేదికల్లో రాస్తూ వచ్చాడు. ఫలితంగా ఆ పదవి పోయింది. జీఎస్ పేపర్-4లో అంతరాత్మకూ పై అధికారి ఆదేశానికీ మధ్య ఘర్షణ గురించి అడిగితే అందరూ రాసే ఉదాహరణలే మీరూ రాయనక్కర్లేదు, ఇదొకటి చేతిలో ఉంది.

ఇదే కాలంలో ఆర్థిక చరిత్ర కూడా చూడాలి. 1870లో మేయో తీర్మానం, 1882లో రిపన్ తీర్మానం. మనం వీటిని వికేంద్రీకరణ మైలురాళ్లుగా బట్టీ పడతాం. రిపన్‌కు 'స్థానిక స్వపరిపాలన పితామహుడు' అని బిరుదు కూడా ఇచ్చేశాం. అదే అంశాన్ని నీటి వైపు నుంచి చూడండి. పారిశుధ్యం స్థానిక విషయమైపోయింది. కానీ దానికి తగ్గ రాబడి స్థానిక సంస్థలకు లేదు. కలకత్తాకు 1870 నుంచి పల్తాలో వడపోసిన నీళ్లు అందాయి. మద్రాసుకు 1872లో రెడ్ హిల్స్ చెరువు నీళ్లు వచ్చాయి. రాజధాని నగరాలకు, కంటోన్మెంట్లకు ఏదో ఒక ఏర్పాటు జరిగింది. పల్లెకు మాత్రం చెరువు, ఊటబావి, వాగులోని చెలమే మిగిలాయి.

దాని ఫలితం మన ప్రాంతంలోనే కనిపించింది. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడాయి. చెరువులు ఎండి అడుగున మిగిలిన బురదనీళ్ల మీద ఊళ్లు బతికాయి. రిచర్డ్ టెంపుల్ కూలి గింజలను రోజుకు ఒక పౌనుకు తగ్గించిన సంగతి, దాన్ని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వ్యతిరేకించిన సంగతి కరువు పాఠంలో చదువుతాం. అయితే ఒక్క 1877లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో కలరాతో మూడున్నర లక్షల మందికి పైగా చనిపోయారన్నది ఆ పాఠంలో రాదు. తిండిలేక నీరసించిన శరీరాలు, వేలమంది ఒకేచోట చేరిన సహాయ శిబిరాలు, వాటి పక్కనే ఉన్న ఒకటి రెండు నీటి వనరులు. ఆ చావులను ఆకలి చావులు, కలరా చావులు అని విడదీసి రాయడం రికార్డుల సౌకర్యం కోసమే. 1865 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియాలో కలరాకు కనీసం 2 కోట్ల 30 లక్షల మంది బలయ్యారని చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ అంచనా.

1883 డిసెంబరులో రాబర్ట్ కోచ్ కలకత్తా వచ్చాడు. రోగుల పేగుల్లో కామా ఆకారపు సూక్ష్మజీవిని గుర్తించాడు. అంతకన్నా ముఖ్యం, బేలియాఘాటా దగ్గరి ఒక బస్తీ చెరువు నీళ్లలో అదే జీవిని పట్టుకున్నాడు. ఆ చెరువులోనే స్నానాలు, అందులోనే బట్టలు ఉతకడం, ఆ నీళ్లే తాగడం. కలరాతో పోయినవాళ్ల బట్టలు కూడా అక్కడే ఉతికారు. స్నోకు లండన్‌లో అంకెల్లో దొరికిన రుజువు కోచ్‌కు ఇక్కడ మైక్రోస్కోపు కింద దొరికింది. ఇంత జరిగినా బ్రిటిష్ ప్రభుత్వం క్లైన్, గిబ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలను పంపి, కోచ్ చెప్పింది రుజువు కాలేదనిపించింది. 1885 రోమ్ సమావేశంలోనూ అదే పట్టు. విజ్ఞానం లేక కాదు, ఒప్పుకుంటే ఖర్చవుతుంది కనుక.

బావిలో గులాబీ రంగు

ఈ మొండితనం మధ్యలో ఒక మనిషి చేసిన పని నాకు చాలా ఇష్టం. ఎర్నెస్ట్ హాన్బరీ హాన్‌కిన్ 1892లో వాయవ్య రాష్ట్రాల రసాయన పరీక్షకుడిగా, బ్యాక్టీరియాలజిస్టుగా ఆగ్రాలో చేరాడు. ప్రిలిమ్స్ చదివేవాళ్లకు ఈ పేరు గంగ, యమున నీళ్లలో కలరా క్రిమిని చంపే గుణం ఉందని 1896లో రాసినవాడిగా తెలుసు. బ్యాక్టీరియోఫేజ్ పాఠంలో వస్తాడు. (అంతమాత్రాన గంగ నీళ్లు ఎప్పుడూ శుద్ధమే అని ఆయన అన్నట్టు వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. నీళ్లు మరిగిస్తే ఆ గుణం పోతోందని కూడా ఆయనే గమనించాడు.) పల్లె జనానికి అంతకన్నా పనికొచ్చింది ఆయన ప్రచారం చేసిన పొటాషియం పర్మాంగనేట్.

పద్ధతి ఇదీ. సాయంత్రం నీళ్లు తోడటం అయిపోయాక పర్మాంగనేట్‌ను ఒక బకెట్ నీళ్లలో కరిగించి బావిలో పోస్తారు. రాత్రంతా ఎవరూ తోడకూడదు. తెల్లారి చూసేసరికి నీళ్లకు లేత గులాబీ రంగు మిగిలి ఉంటే మందు సరిపోయినట్టు. రంగు పూర్తిగా పోతే నీళ్లలోని మురికి మందునంతా తినేసిందని అర్థం, మళ్లీ పోయాలి. ల్యాబ్ అక్కర్లేదు, ఇంజినీర్ అక్కర్లేదు. ఊళ్లో ఎవరైనా తమ కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. హిందీ ప్రాంతాల్లో దీన్ని లాల్ దవా అన్నారు. అదే దశకంలో హాఫ్‌కిన్ కలకత్తా బస్తీల్లో కలరా టీకా వేయడానికి తిరుగుతున్నాడు. టీకా మనిషి ఒంటి మీదికి వెళ్తుంది, దానికి అనుమానాలు ఎదురయ్యాయి. ఈ మందు బావిలోకే వెళ్తుంది.

దీనికీ హద్దు ఉంది. పర్మాంగనేట్ కలరా క్రిమిని బాగానే చంపుతుంది, మిగతా రోగక్రిముల మీద దాని బలం అంతంతమాత్రం. కాబట్టే తర్వాతి కాలంలో దాని స్థానంలోకి బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. గులాబీ రంగు చూసి 'నీళ్లు బాగున్నాయి' అనుకున్న ఊరు నిజానికి 'కలరా నుంచి బాగున్నాయి' అనుకోవాలి. మొదట్లో అడగమన్న ప్రశ్న ఇక్కడే తొలిసారి స్పష్టంగా ఎదురవుతుంది.

బ్లీచింగ్ పౌడర్ గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే దీన్ని లెక్క ప్రకారం వాడటం చాలామందికి తెలియదు. తాజా పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, గాలి తగిలితే తగ్గిపోతుంది. గోదాములో మూతి విప్పి ఉంచిన పాత బస్తాతో బావి శుద్ధి చేస్తే అది లాంఛనమే. మంచి పౌడర్ అయితే 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు పడుతుంది. కానీ నీళ్లలో మురికి ఎక్కువుంటే అది క్లోరిన్‌ను ముందు తనే మింగేస్తుంది. అందుకే వేసింది ఎంత అన్నది కాదు, గంటసేపు ఆగాక మిగిలింది ఎంత అన్నది చూడాలి. లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. రోజూ మందు వేసే మనిషి లేని ఊరి కోసం నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ జంట కుండల పద్ధతి రూపొందించింది. చిల్లు పెట్టిన చిన్న కుండలో కిలో బ్లీచింగ్ పౌడర్, రెండు కిలోల గరుకు ఇసుక తడిపి కలిపి పెడతారు. దాన్ని చిల్లున్న పెద్ద కుండలో ఉంచి, బావి నీళ్లలోకి వేలాడదీస్తారు. క్లోరిన్ కొద్దికొద్దిగా ఊరుతూ, ఒక ఇంటి బావికి రెండు మూడు వారాలు వస్తుంది.

బావి అన్నాక కులం ప్రస్తావన లేకుండా ముందుకు పోలేం. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో దళితులు మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్లు తాగారు. మునిసిపాలిటీ అప్పటికే అందరికీ తెరిచిన చెరువది. తర్వాత అగ్రకులాలవాళ్లు ఆ చెరువును 'శుద్ధి' చేశారు. ఎలా? ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు నీళ్లలో కుమ్మరించి, మంత్రాలు చదివి. బ్యాక్టీరియాలజీ ప్రకారం తాగునీటికి అంతకన్నా చేటు చేయడం కష్టం. వాళ్ల దృష్టిలో మాత్రం నీళ్లు సురక్షితమయ్యాయి. శుద్ధి అన్న మాటను ఎవరు ఏ భయంతో వాడుతున్నారో చూడకుండా ఆ మాటను నమ్మలేం.

ఢిల్లీ, 1955: పరీక్షలో పాసైన నీళ్లు

ఇప్పటిదాకా చెప్పింది చూడటానికి నిరాకరించిన ప్రభుత్వం సంగతి. స్వతంత్ర భారతంలో జరిగింది వేరు. ఇక్కడివాళ్లు చూశారు, చేయాల్సింది చేశారు, అయినా జరిగింది.

1955 వర్షాకాలంలో యమునకు పెద్ద వరద వచ్చింది. వరద తగ్గాక నది పాయ వజీరాబాద్ పంపింగ్ స్టేషన్‌కు దూరంగా జరిగిపోయింది. ఊరి మురుగు మోసుకొచ్చే నజఫ్‌గఢ్ నాలా ఆ దగ్గర్లోనే నదిలో కలుస్తుంది. నవంబరులో మురుగునీరు వెనక్కి తన్ని, నగరానికి నీళ్లు తోడే చోటికే చేరింది. వాటర్ వర్క్స్ సిబ్బంది తేడా గమనించారు. పటిక మోతాదు, క్లోరిన్ మోతాదు పెంచారు. ఆ రోజుల్లో తెలిసిన విజ్ఞానం ప్రకారం అది సరైన పనే. దానికి ఫలితమూ దక్కింది. అంత మురుగు కలిసినా నగరంలో టైఫాయిడ్, విరేచనాల కేసులు పెరగలేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో కామెర్లు మొదలయ్యాయి. 29 వేల మందికి పైగా కళ్లు పచ్చబడ్డాయని తర్వాతి సర్వే అంచనా వేసింది. గర్భిణుల్లో మరణాలు మిగతావాళ్లకన్నా ఎక్కువ. బ్యాక్టీరియాను చంపిన క్లోరిన్ వైరస్‌ను వదిలేసింది. మురుగు రేణువుల్లో దాగిన వైరస్‌కు ఆ మోతాదు, ఆ సమయం చాల్లేదు. రోగం బయటపడటానికి నెలకు పైగా పడుతుంది కాబట్టి, కేసులు కనిపించే నాటికి చెడ్డ నీళ్లు ఎప్పుడో తాగేశారు. అది ఏ వైరస్ అన్నది కూడా అప్పుడు తెలియదు. దాచిన రక్త నమూనాలను 1980లో పరీక్షించినప్పుడు అది హెపటైటిస్ ఎ కాదని తేలింది. 1978 నాటి కశ్మీర్ వ్యాప్తిని అధ్యయనం చేసిన ఖురూ కూడా అదే ఏడాది కొత్త వైరస్ వైపు వేలు చూపించాడు. ఇప్పుడు దాన్ని హెపటైటిస్ ఇ అంటున్నాం.

ఈ ఉదాహరణను సమాధానంలో వాడేటప్పుడు 'నిర్లక్ష్యం వల్ల' అని రాయకండి. ఢిల్లీ సిబ్బంది నిర్లక్ష్యం చేయలేదు. వాళ్ల దగ్గరున్న కొలబద్ద బ్యాక్టీరియాకు సరిపోయేది, అంతే. అసలు తప్పు నీళ్లు తోడే చోటుకూ మురుగు కలిసే చోటుకూ మధ్య అంత తక్కువ దూరం ఉంచడంలో ఉంది. అది చలికాలపు డ్యూటీలో ఉన్న కెమిస్టు దిద్దగలిగేది కాదు. నజఫ్‌గఢ్ నాలా ఇప్పటికీ యమునలోకి మురుగు మోస్తూనే ఉంది. ఇప్పటికీ నదిలో అమ్మోనియా పెరిగినప్పుడు ఢిల్లీలో నీటి శుద్ధి తగ్గించారని వార్తల్లో చదువుతుంటాం. అమ్మోనియా కూడా క్లోరిన్‌ను తినేసేదే.

రాజ్యాంగం వైపు నుంచి రెండు మాటలు. నీరు రాష్ట్ర జాబితాలోని 17వ అంశం, ప్రజారోగ్యం 6వ అంశం. అందుకే 1974 జల కాలుష్య నివారణ చట్టాన్ని పార్లమెంటు 252వ అధికరణం కింద, రాష్ట్రాల తీర్మానాల మీద చేయాల్సి వచ్చింది. పంచాయతీలకు 11వ షెడ్యూలు, పట్టణాలకు 12వ షెడ్యూలు నీటిని అప్పగించాయి. కాలుష్యం లేని నీరు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేయో, రిపన్ నాటి చిక్కు మాత్రం తీరలేదు. బాధ్యత కింద ఉంది, డబ్బు పైన ఉంది.

ఎర్ర బోరు, ఆకుపచ్చ బోరు

మళ్లీ బెంగాల్‌కు, ఈసారి సరిహద్దు అవతలికి. 1971లో సుమారు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. మరణాలు 30 శాతం నుంచి 3.6 శాతానికి పడిపోయాయి. ఓఆర్ఎస్ ప్రపంచానికి అలా తెలిసింది. అది రోగిని బతికిస్తుంది, నీటిని మాత్రం బాగుచేయదు.

నీటిని బాగుచేయడానికి బంగ్లాదేశ్ చెరువులను వదిలి భూగర్భానికి వెళ్లింది. 1970ల నుంచి ప్రభుత్వం యునిసెఫ్ సాయంతో చేతిపంపు బోర్లు వేసింది. తర్వాత జనమే సొంత ఖర్చుతో వేసుకున్నారు. 1990ల నాటికి పల్లెల్లో దాదాపు అందరూ బోరు నీళ్లే తాగుతున్నారు. ప్రజారోగ్య విజయగాథల్లో దీన్ని చెప్పుకునేవారు.

హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుముతో పాటు ఆర్సెనిక్ ఉంది. పై పొరల్లోని నీళ్లలో గాలి అందక, సేంద్రియ పదార్థం ఎక్కువై, అది కరిగి నీళ్లలోకి వస్తుంది. రంగు లేదు, రుచి లేదు. పశ్చిమ బెంగాల్‌లో 1983లోనే కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ డాక్టర్ కె.సి. సాహా రోగుల చర్మం మీద దాని ఆనవాళ్లు పట్టుకున్నారు. బంగ్లాదేశ్‌లో 1993లో చాపాయ్ నవాబ్‌గంజ్‌లో బయటపడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది ముప్పులో ఉన్నారని చెప్పింది. చరిత్రలో ఇంతమందికి ఒకేసారి విషం అందిన సందర్భం మరొకటి లేదని కూడా అంది.

భూగర్భ జలం క్రిముల్లేనిదైనా ఖనిజ విషం మోస్తుందని ఉపఖండానికి తెలియని సంగతి కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను షార్ట్ బృందం నమోదు చేసింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ పద్ధతి' 1970లలోనే వచ్చింది. అయినా బెంగాల్ బోర్లను క్రిముల కోసం చూశారు తప్ప ఆర్సెనిక్ కోసం చూడలేదు. 1992లో బ్రిటిష్ జియాలాజికల్ సర్వే బంగ్లాదేశ్ నీటి నమూనాలను పరీక్షించి నివేదిక ఇచ్చింది. పరీక్షించిన మూలకాల పట్టికలో ఆర్సెనిక్ లేదు. బాధితులు బ్రిటన్ కోర్టుకు వెళ్లారు. ఆ సంస్థకు వాళ్లపట్ల చట్టపరమైన బాధ్యత లేదని 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. నివేదిక ఈ నీళ్లు తాగవచ్చని ఎక్కడా అనలేదన్నది ఒక వాదన. చట్టపరంగా అది నిలబడింది. కానీ మండల స్థాయి అధికారి చేతికి అలాంటి నివేదిక వస్తే, అందులో కనిపించని ప్రమాదం లేదనే అనుకుంటాడు. నేనూ మీరూ కూడా అలాగే అనుకుంటాం.

తర్వాత సుమారు 50 లక్షల బోర్లను పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాముల బంగ్లాదేశ్ పరిమితి దాటినవాటి మూతికి ఎర్ర రంగు, దాటనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. (ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 10 మాత్రమే. అంటే కొన్ని ఆకుపచ్చ బోర్లు బంగ్లాదేశ్‌లో సురక్షితం, జెనీవాలో కాదు.) హాన్‌కిన్ గులాబీ రంగులాగే ఇదీ చదువు రానివాళ్లకు సైతం అర్థమయ్యే భాష. లక్షల మంది వేరే బోరుకు మారారు కూడా. దగ్గర్లో ఆకుపచ్చ బోరు లేని ఇళ్లలో కొందరు పాత చెరువు నీళ్లకే తిరిగి వెళ్లారు. ఆర్సెనిక్ బోర్లు వదిలేసిన ఇళ్లలో పసిపిల్లల మరణాలు పెరిగాయని తర్వాత ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనంలో తేలింది. ఆర్సెనిక్ మనిషిని తినడానికి ఏళ్లు పడుతుంది. చెరువు నీళ్ల విరేచనాలకు రెండు రోజులు చాలు.

మత్‌లబ్ ప్రాంతంలో రీటా కోల్‌వెల్ బృందం మరో దారి ప్రయత్నించింది. కలరా క్రిములు చెరువుల్లోని సన్నటి ప్లవక జీవులను అంటిపెట్టుకుని ఉంటాయి. పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడపోస్తే ఆ జీవులు గుడ్డలో ఆగిపోతాయి. 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కలరా 48 శాతం తగ్గింది. కొత్త చీర పనికిరాదు. ఉతికి ఉతికి నూలు పొంగిన పాతదే కావాలి. అది ప్రతి ఇంట్లో ఉన్నదే.